చేపనీటి సేద్యము: చెఱువునుండి చలిదేశపు తొట్టికి



గత కార్తికమాసమున కెనడా దేశమునుండి నా మేనల్లుడు జాబు వ్రాసెను. వాడు నాగావళి యొడ్డున పుట్టి పెరిగినవాడు. పూర్వము మన ప్రాంతమువారు బ్రతుకుదెరువునకై రంగము పోయెడివారు. వారి మునిమనుమలు నేడు మంచు కురియు దేశములకు పోవుచున్నారు. వాడు తన యింటి నేలమాళిగలో నొక పెద్ద పీపాను నీటితో నింపి, అందు చేపలను విడిచి, పీపాపైన గులకరాళ్లు పోసిన వెడల్పాటి తొట్టె నొకదాని నమర్చి, ఆ రాళ్లలో ఆకుకూరలు నాటినాడట. చిన్న మోటారు చేపల నీటిని పైకి తోడును. ఆ నీరు రాళ్లమీదుగా దిగి మరల పీపాలో పడును. మట్టి లేదు, పెంట లేదు, రసాయనపు టెరువు లేదు. చేపల మలినమే మొక్కలకు తిండి; మొక్కలు పీల్చుకొని విడిచిన నీరు చేపలకు తేటనీరు. ఈ పద్ధతికి పాశ్చాత్యులు 'ఆక్వాపోనిక్సు' అని పేరు పెట్టినారు.

ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని పండ్రెండవనాటికి 20 చేపలలో 17 చచ్చిపోయినవి. "చలిచే చచ్చినవి మామయ్యా! ఇది మన దేశమునకు తగినదిగాని యిచ్చట సాగదు. మీరు చెఱువుల సంగతి యెఱిగినవారు గనుక ఏమి చేయవలెనో చెప్పుడు" అని వాడు వ్రాసెను. పెండ్లియై రెండేండ్లైన కాకమునుపే పరదేశమున కొత్తిల్లు కట్టుకొన్నవాడు. కోడలి యెదుట పరిహాసపాత్రుడైతినను చిన్నతనముకూడ ఆ జాబులో కనబడినది. నేను పాతపుస్తకములు తిరుగవేసితిని, తెలిసినవారి నడిగితిని. నాకు తేలినది యేమనగా, ఆ చేపలను చంపినది చలి మాత్రమే కాదు. ఆ కారణము వెదకుచు నేను నడచిన దారియే నేటి ప్రసంగము.

మొదట మన యింటిసంగతి చెప్పుకొందము. మన శ్రీకాకుళ విజయనగర మండలముల నదులు తూర్పు కనుమలలో పుట్టి కొద్దిదూరమే పాఱి సముద్రమున కలియును. నాగావళి, వంశధార, చంపావతి వానకాలమున పొంగి, వేసవికి ఇసుకతిన్నెలు చూపును. అందుచే మన పెద్దలు గెడ్డల నీటికి అడ్డముగా గట్లు వేసి చెఱువులను, చిన్న చిన్న బందలను నిలుపుకొనిరి. విజయనగరమున 1713లో కోట కట్ట నారంభించిరి. ఆ యూరి పెద్దచెఱువు పేరు వినని వారుండరు. 1757 నాటి బొబ్బిలి యుద్ధమునకు పిమ్మట పైడితల్లి విగ్రహము ఆ చెఱువులోనే దొరకెనని ప్రతీతి. అన్నము పుట్టుచోటనే అమ్మవారు పుట్టుట మనకు వింతగా తోచదు.

చెఱువుక్రింది సేద్యమున చేపకు గల స్థానమును మనము లెక్కకు తెచ్చుకొనలేదుగాని, కన్నులార చూచియే యున్నాము. తొలకరి వాన పడి గెడ్డ పాఱగానే చేపలు ఎదురెక్కును. పరిగెలు, జెల్లలు, కొఱ్ఱమీలు మళ్లలోనికి పోయి గ్రుడ్లు పెట్టును. పిల్లలు పైరు మొదళ్ల నీడలో పురుగులను తిని పెరుగును. మడినీరు తీయునప్పుడు మరల పల్లమునకు దిగును. దారిలో మావులు కట్టి, ఊతలు వేసి మనవారు పట్టుకొనెడివారు. మదుము దాపునున్న మొదటి మడులకు పెంట తక్కువ తోలినను పైరు నలుపెక్కునని మా తాతగారనెడివారు. వేసవిలో చెఱువు ఎండగా అడుగుమట్టిని బండ్లతో తోలి పొలమున చల్లుట ప్రతి యూరను జరిగినదే. ఆ మట్టిలో చేపల మలినము, పశువుల పేడ, కుళ్లిన నాచు, ఒండ్రు అన్నియు కలిసియుండును.

నీటిజీవుల మలినము పైరునకు బలమన్న తెలివి మన దేశమున ప్రాచీనమైనది. కౌటిల్యుని అర్థశాస్త్రమున, మొలకెత్తిన పైరునకు చిన్నచేపలను జెముడుపాలతో కలిపి యెరువుగా వేయవలెనని చెప్పబడినది. వృక్షాయుర్వేదమున చేపలను, మాంసమును ఊరవేసి తీసిన కుణపజలమను ద్రవము చెట్ల కెరువుగా చెప్పబడినది. పక్షుల సంగతికూడ ఇట్టిదే. టెక్కలి దాపున తేలినీలాపురమున గూడబాతులును, ఎఱ్ఱకాళ్ల కొంగలును చింతచెట్లపై గూళ్లు కట్టుట మీలో పలువురు చూచియుందురు. దక్షిణమున చెంగల్పట్టు ప్రాంతమునందలి వేడంతాంగల్ గ్రామస్థులు తమ చెఱువున వ్రాలు పక్షులను వేటగాండ్రు కాల్చకుండ 1798లోనే కలెక్టరు లయొనెల్ ప్లేసువలన ఉత్తరువు పొందిరి. వారిది కేవలము భూతదయ కాదు. పక్షుల రెట్ట కలిసిన నీరు తమ వరికి ఎంత మేలుచేయునో వారెఱుగుదురు.

చీనా దేశమువారు ఇంకను ముందడుగు వేసిరి. అచ్చటి హాన్ రాజుల కాలపు సమాధులలో, మడిలో చేపలు తిరుగుచున్నట్లు మట్టితో చేసిన బొమ్మలు దొరకినవి. అవి సుమారు 1,800 ఏండ్లకు పూర్వపువి. చింగ్తియన్ అను కొండప్రాంతమున వరిమళ్లలో చేపలను పెంచు ఆచారము వందల యేండ్లుగా తెగక సాగుచుండగా, 2005లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దానిని ప్రపంచ వారసత్వ సేద్యములలో చేర్చినది.

ఇన్ని దేశములవారు ఇన్ని యేండ్లు చూచినను, చేపల మలినము పైరున కెట్లు తిండియగునో ఎవ్వరికిని తెలియదు. మలినము నీటిలో పడిన తోడనే మొక్క దానిని త్రాగుననియే తలచిరి. నా మేనల్లుడు కూడ అట్లే తలచెను. వాని చేపలు చచ్చుట కిదియే మూలము.

ఈ రహస్యమును విప్పినవారు పారిసు నగరపు మురుగునీటితో మొదలుపెట్టిరి. 1877లో ష్లోజింగు, మ్యూంట్సు అను ఇద్దఱు ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞులు ఒక పొడవైన గొట్టమున ఇసుకయు సున్నపురాతి పొడియు నింపి, పైనుండి మురుగునీటిని బొట్టుబొట్టుగా దింపిరి. మురుగులో అమ్మోనియా యుండును. ఘాటైన ఆ వాసన పశువులసాలలో మనకు పరిచితమే. మొదటి 20 దినములు ఆ అమ్మోనియా ఏ మార్పును లేక క్రింద దిగినది. అటుపిమ్మట అది తగ్గి, దాని స్థానమున నత్రితము, అనగా సూరేకారపు జాతి లవణము, కనబడజొచ్చెను. అదియే మొక్కలు మెచ్చు ఆహారము. ఇది ఇసుక చేసిన పనియా, ప్రాణముగల యేదైన చేసిన పనియా? సంశయము తీర్చుకొనుటకై వారు గొట్టములోనికి క్లోరోఫారము ఆవిరి పంపిరి. పని నిలిచిపోయెను. ఆవిరి పోయిన తరువాత కొంచెము తోటమట్టి కలిపిన నీటిని పోయగా, కొన్నాళ్లకు పని మరల సాగెను. ఇసుకకు మత్తెక్కదు గదా! అందు జీవులున్నవని తేలినది. 1890లో వినొగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు స్విట్జర్లాండునందలి జ్యూరికు నగరమున ఆ సూక్ష్మజీవులను వేఱుచేసి చూపెను. అవి రెండు తెగలు. ఒకటి అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. రెండవది నైట్రైటును నత్రితముగా మార్చును. అమ్మోనియా చేపకు విషము, నైట్రైటును విషమే. మూడవది చేపను బాధింపక పైరును పోషించును.

మన ఆడువారికి ఈ సంగతి వేఱుగా బోధింపనక్కఱలేదు. పాలు పెరుగగుటకు తోడు కావలెను, వెచ్చదనము కావలెను, ఒక రాత్రి కావలెను. తోడు లేని పాలు విఱిగిపోవును. పుష్యమాసపు చలిలో తోడు వేసినను తెల్లవారునప్పటికి పెరుగు తోడుకొనదు గనుక కుండను పొయ్యిగడ్డచెంత నుంచుదురు. చేపనీరు పైరు తిండియగుటయు అట్టిదే. కాని దాని కొక రాత్రి చాలదు, వారములు పట్టును. మన చెఱువులో అడుగుబురద, గట్టురాళ్లు, నాచు, తామరకాడలు అంతటను ఆ తోడు తరతరములుగా నిండియున్నది. సూర్యుడు వేడిమి నిచ్చుచున్నాడు. నా మేనల్లుని పీపాలో కొత్త నీరు, కడిగిన రాళ్లు, ఒక్కమారుగా 20 చేపలు. తోడు లేదు. దానికి చలికూడ తోడైనది. అక్కడి నీరు 14 డిగ్రీలు. ఆ సూక్ష్మజీవులు 25 నుండి 30 డిగ్రీల వేడిలో చుఱుకుగా పనిచేయును. 18 డిగ్రీలకు సుమారు సగము పనియే చేయును. 10 డిగ్రీలకు దిగిన నాల్గవవంతు. 4 డిగ్రీలవద్ద దాదాపు నిలిచిపోవును. చలి చేపను చంపలేదు; చేపను కాపాడవలసిన పనివాండ్రను రానీయలేదు.

చలిదేశములవారు ఈ చిక్కును ఎట్లు దాటిరో చూడవలసియున్నది. 1969లో అమెరికాలో జాన్ టాడ్, నాన్సీ జాక్ టాడ్ దంపతులును విలియం మెక్‌లార్నీ యను వారి మిత్రుడును న్యూ ఆల్కెమీ ఇన్‌స్టిట్యూటు నెలకొల్పిరి. తూర్పు సముద్రతీరమున కేప్ కాడ్ అను చోట వీరు 1976లో గాజింటివంటి యొక కట్టడమును కట్టి దానికి 'ఆర్కు' అని పేరు పెట్టిరి. ప్రళయమున జీవకోటిని కాచిన నావ యని దాని యర్థము; మన మత్స్యావతార కథలోని నావవంటిదే యనుకొనవచ్చును. ఆ సంవత్సరముననే కెనడాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపమున మఱియొక ఆర్కును కట్టగా, సెప్టెంబరు నెలలో నాటి ప్రధానమంత్రి పియెర్ ట్రూడో దానిని ప్రారంభించెను. 1973లో పెట్రోలు ధరలు మండిపోయిన పిమ్మటి కాలమది; బయటినుండి నూనె కొనక, ఇంటనే వెచ్చదనమును తిండిని పుట్టింపవలెనని వారి సంకల్పము. దక్షిణదిక్కు గోడ యంతయు వెలుతురు చొచ్చునట్లు వాలుగా నుండును. లోపల మనిషి యెత్తు గల పారదర్శకపు గుండ్రని తొట్టెలు వరుసగా నిలిపిరి. వానిలో నీరు, చేపలు, నాచు. పగలు ఎండ తగిలి ఆ నీరు వేడెక్కును. రాత్రి ఆ వేడిమి మెల్లగా గదిలోనికి వెలువడి కూరమొక్కలను మంచుబారినుండి కాపాడును. చేపలనీటినే మొక్కలకు పోసిరి. అనగా చేపతొట్టె వారికి ఎరువుగుంటయు, కుంపటియు నైనది. వారి ఉపాయములలో నాకు మిక్కిలి నచ్చినది యిదియే. నీరు వేడిమిని దాచుకొను గుణము కలది; ఎంత యెక్కువ నీరుండిన అంత నెమ్మదిగా చల్లారును. చిన్న తొట్టె ఒక్క రాత్రిలో చల్లబడును. మన పెద్దచెఱువు మాఘమాసపు మంచులో సైతము తెల్లవారి గోరువెచ్చగా తోచుటకు కారణము అదియే.

ద్వీపమందలి యా ఆర్కు చిరకాలము నిలువలేదు. దాని గాలిమర కుదురుగా పనిచేయలేదు. కొన్ని యేండ్లకే ప్రయోగము ముగిసి, కట్టడము తరువాత ఇతరుల చేతులలో పడినది. కేప్ కాడ్ సంస్థ 1991లో మూతపడినది. కాని వారు నేర్పిన విద్య ఇతరుల కందినది. 1980 దశకమున ఉత్తర కెరొలీనా రాష్ట్ర విశ్వవిద్యాలయమున మార్కు మెక్‌మర్ట్రీ చేపలనీటిని ఇసుకమళ్లకు పాఱించి, వడిసిన నీటిని మరల చేపలకు చేర్చెను. ఫ్రెంచివారి ఇసుకగొట్టమే యిది, మొక్కలు మొలిచిన రూపున. వర్జిన్ ద్వీపముల విశ్వవిద్యాలయమున జేమ్స్ రకోసీ తేలుపలకలపై కూరలు పెంచెను. అది ఉష్ణదేశము గనుక మన మేనల్లునికి అక్కఱకు రాదు. ఇసుకకు బదులు గులకరాళ్లు వేసి ఇంటి పెరటిలో చేయు పద్ధతి ఆ పిమ్మట వ్యాపించినది.

మన దేశముననే చలిప్రాంతపు నిదర్శన మొకటి కలదు. అరుణాచలప్రదేశమున జీరో లోయ సముద్రమట్టమునకు 1,500 మీటర్లకు మించిన యెత్తున నున్నది. అచ్చటి ఆపతానీ జాతివారు 1960 దశకమునుండి వరిమళ్లలో చేపలను పెంచుచున్నారు. మడి మధ్యను లోతుగా కాలువ త్రవ్వుదురు. మడిలో నీరు తగ్గినప్పుడు చేపలు ఆ లోతునకు దిగి యుండును. వారు పెంచునది చలికోర్చు సాధారణపు గండుజాతి చేప. ఇందొక పాఠము కలదు: చలిదేశమున చేపల నెన్నుకొనుటయే సగము పని. 1952లో మన దేశమునకు తెచ్చిన తిలాపియా వేడినీటి చేప; నీరు 10 డిగ్రీలకు దిగిన బ్రతుకుట కష్టము. ట్రౌటు చల్లని నీటిని కోరును గాని, నీటిలో ప్రాణవాయువు సమృద్ధిగా నుండవలెను. బంగారుచేప మంచుగడ్డ క్రింద సైతము బ్రతుకును. కాని అది తినుటకు గాదు, చూచుటకు.

ఈ సంగతులన్నియు నేను మేనల్లునికి వ్రాసితిని. చావగా మిగిలిన మూడు బంగారుచేపలను వేఱు తొట్టెకు మార్పించితిని. మార్గశిరమున వాడు మరల మొదలిడెను. కుళాయినీటిలో క్రిమిసంహారమునకై కలుపు మందు ఆ సూక్ష్మజీవులనుకూడ చంపును గనుక దానిని విఱుచు మందు వేసి నీటిని శుద్ధిచేసెను. ఏండ్లతరబడి చేపలను పెంచుచున్న ఇరుగువాని తొట్టెనుండి రెండు దోసెళ్ల పాతరాళ్లు తెచ్చి కొత్తరాళ్లలో కలిపెను. తోడు వేసినాడన్నమాట. పీపాకు చుట్టును దళసరి అట్టలు కట్టి, మూత వేసి, ఇంటిని వేడిచేయు యంత్రముచెంతకు జరిపి, నీటిని 20 డిగ్రీలవద్ద నిలిపెను. చేపలను విడువక, దినమునకు చిటికెడు చేపమేత మాత్రము నీటిలో వేసి కుళ్లనిచ్చెను. రంగు మారు పరీక్షచుక్కలతో నీటిని చూచుచు, చూచినది వ్రాసి పంపెడివాడు. రెండవ వారమున అమ్మోనియా పెరిగినది. నాల్గవ వారమున అది దిగి నైట్రైటు పెరిగినది. "ఇప్పుడు విడువనా?" అని ఆత్రముతో అడిగెను. వలదంటిని. ఏడవ వారమునకు రెండును సున్నకు దిగి నత్రితము నిలిచెను. అప్పుడు మూడు చేపలను మాత్రము విడిచెను. ఫాల్గుణమున పాలకూర కోసి వండినారట; పుదీన దట్టముగా అల్లుకొన్నదట. నీరు క్రమముగా పులియబాఱుచున్నదని తెలుపగా, గుల్లసున్నపు ముక్కలను గుడ్డలో మూటకట్టి రాళ్లలో నుంచుమంటిని. చెఱువునీటికి సున్నము చల్లుట మన చేపలవారి వాడుకే. లేతాకులు తెల్లబాఱుట కినుము చాలమి కారణమని వాడే కనుగొని సరిచేసికొనెను.

ఇక్కడ మన చెఱువుమాట మరల చెప్పక తప్పదు. 1802 శాశ్వత పైసలానుండి జమీందారుల అధీనముననున్న చెఱువులు, 1948 నాటి చట్టముచే జమీందారీలు రద్దగుటతో సర్కారు పాలైనవి. ఇంటి కొక మనిషి వంతున పూడిక తీయు ఆచారము పెక్కూళ్ల సన్నగిల్లినది. ఇటు 1957 జూలై 10న పొరుగున ఒడిశాలో హీరాలాల్ చౌధురి, గండుచేపలకు సూదిమందు వేసి గ్రుడ్లు పెట్టించుటలో కృతకృత్యుడయ్యెను. అంతకుముందు వరదలలో నదినుండి పిల్లలను ఏరుకొనవలసివచ్చెడిది. ఆపై బొచ్చె, శీలావతి పిల్లలు కోరినంత దొరకజొచ్చెను. చెఱువులో చేపలను పాటకు ఇచ్చు పద్ధతి బలపడెను. పాటదారుడు నీరు నిలువవలెననును, రైతు మదుము తీయవలెననును. ఈ జగడము లేని యూరు నేనెఱుగను. మందులు చల్లుట మొదలైన తరువాత మడిలోనికి ఎదురెక్కు చేపలును తగ్గినవి. మా యూరి బందలో క్రిందటి వేసవిలో, మబ్బుపట్టిన యొక తెల్లవారుజామున, చేపలన్నియు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచుట చూచితిని. ఊరి మురుగుకాలువను అందులోనికి త్రిప్పినారు. రాత్రి నాచును, కుళ్లును ప్రాణవాయువును త్రాగివేయగా చేపలకు మిగులలేదు. ఆ నీటిని పైకెత్తి పోసి కదలించినంత మాత్రమున ఎన్నో బ్రతికెడివి. నేను మోటారు తెప్పించునప్పటికే ఎండ యెక్కినది. చిత్రమేమనగా, నా మేనల్లుని మొదటి పీపాయు మా బందయు ఒక్కటే తప్పుచే చెడినవి: పనివాండ్ర శక్తికి మించిన మలినము. వాని పీపాలో పనివాండ్రింకను రాలేదు. మా బందలో వచ్చినవారికి ఊపిరాడలేదు.

ఈ ఉగాదికి వాని జాబు మరల వచ్చినది. గోంగూరగింజలు పంపుమని కోడలు అడిగినదట. గోంగూర వెచ్చదనము కోరు మొక్క; 20 డిగ్రీల నీటిలో ఎదుగునో యెదుగదో. ఆ దేశమున వైశాఖము దాటి ఎండ ముదురువఱకు ఆగి, పీపాను కిటికీ దగ్గఱకు జరిపి నాటుమని వ్రాసి, మా పెరటి యెఱ్ఱకాడ గోంగూర గింజలు ఒక పొట్లము వేఱుగా తీసి యుంచితిని.